కీర్తిశేషులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

నందిగామ, జగ్గయ్యపేటల నడుమ, రాజమార్గమునకు కొంత యెడముగా, మున్నేటి యొడ్డున పెనుగంచిప్రోలు అను గ్రామము కలదు. శ్రీ తిరుపతమ్మ తిరునాళ్లకు ఏటేట జనసమూహములు ఆ గ్రామమునకు పోవుచుండుట మన మెల్లరము ఎరిగినదే. కాని తెలుగుజాతికి తొలి విజ్ఞాన సర్వస్వమును నిర్మింపబూనిన మహనీయుడు ఆ గ్రామముననే కన్నులు తెరచెనని ఎరిగినవారు మన పిల్లలలో కొలదిమంది మాత్రమే. మన పాఠశాల విద్యార్థులు దూరదేశముల వీరుల చరిత్రములను చదువుదురు. అది మంచిదే. అయినను బండికట్టుకొని పోయి వచ్చునంతటి దూరమున పుట్టిన మహాపురుషుని ఎరుగకుండుట మనకు లోపము.

ఈ చరిత్రమును ఈ యేడు వ్రాయుటకు మరియొక హేతువును కలదు. పై తరగతుల విద్యార్థులను, చదువు ముగిసిన పిదప ఏ వృత్తిలో ప్రవేశింతురని అడిగినచో, వైద్యుడనో, ఇంజనీరుననో, ఉపాధ్యాయుడననో చెప్పుదురు. గ్రంథాలయాధికారి నగుదునని చెప్పినవారిని నే నింతవరకు చూడలేదు. ఆ పని బీరువాలకు తాళము వేయుట, పుస్తకముల దుమ్ము దులుపుట, తిరిగి రాని పుస్తకమునకు జుల్మానా వసూలు చేయుట మాత్రమే యని తలిదండ్రులు కూడ తలచుచున్నారు. ఆ తలంపు ఎంత కొరతగలదో లక్ష్మణరావు పంతులుగారి జీవితము చూపగలదు.

జననము, బాల్యము

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. అప్పుడు పెనుగంచిప్రోలు కృష్ణా మండలము నందిగామ తాలూకాలోనిది. 2022వ సంవత్సరము నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. పిల్లవానికి మూడేండ్లు నిండు నిండకమునుపే తండ్రిగారు కాలధర్మము నొందిరి. తండ్రి లేని బిడ్డ చదువు ఎట్లు సాగునో మన పాఠశాల వసతిగృహములోని పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. సవతి యన్నగారైన శంకరరావుగారు ఆ బాలుని చేరదీసి భువనగిరిలో అక్షరాభ్యాసము చేయించిరి.

ఆ పిదప బాలునికి ఆశ్రయ మిచ్చినది అక్కగారైన అచ్చమాంబగారు. ఆమె 1874లో పుట్టినది. చిన్ననాటనే భండారు మాధవరావుగారికి ఇచ్చి వివాహము చేసిరి. మాధవరావుగారు మధ్యపరగణాలలో ఉద్యోగము చేయుచుండుటచే ఆ దంపతులు నాగపురి ప్రాంతమున నివసించుచుండిరి. తమ్ముడు చదువుకొరకు వారియింట చేరెను. తమ్ముడు బడిలో నేర్చిన పాఠములను ఇంట వల్లించుచుండగా, బడిముఖ మెరుగని అక్క వాటిని విని, పక్కన కూర్చుండి, తెలుగును హిందీని నేర్చుకొనెను. ఈ విషయమును మన బాలికలు గుర్తుంచుకొనవలెను. ఆమె ఆ విధముగా సంపాదించిన విద్యతోనే అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును రచించి, కథలు వ్రాసి, ఊరూర తిరిగి స్త్రీ సమాజములను నెలకొల్పెను. 1902లో ప్రకటితమైన ఆమె కథ ధనత్రయోదశి తెలుగు కథానికలలో తొలివానిలో ఒకటిగా పండితులు లెక్కించుచున్నారు. ఒక యింట ఒకరి చదువు ఇద్దరి చదువైనది. జ్ఞానము పంచినకొలది పెరుగునన్న సత్యమును లక్ష్మణరావుగారు ఏ గురువువద్దను కాక అక్కగారి పక్కననే మొదట నేర్చిరని చెప్పవచ్చును.

నాగపురి విద్య

నాగపురిలో పాఠశాల భాష మరాఠీ. తెలుగు బాలుడు ఆ భాషను తన భాషవలె నేర్చి, మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాయునంతటివాడాయెను. అచ్చటనే సంస్కృతము, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, వంగభాషలను కూడ అభ్యసించెను. 1900లో బి.ఏ. పట్టమును, 1902లో ఎం.ఏ. పట్టమును పొందిరి.

భాషలు పెక్కు నేర్చుటవలన వారికి కలిగిన లాభ మేమి? మరాఠీలో అప్పటికే చరిత్ర గ్రంథములు, శాస్త్ర గ్రంథములు బయలువెడలుచుండెను. వంగభాషలోను అట్లే. ఈ భాషలను చదివిన యువకునికి తన తల్లిభాషలో ఏ యే యరలు ఖాళీగా నున్నవో కనబడెను. కావ్యములకు తెలుగున కొదువ లేదు. కాని భూగోళము, రసాయనము, జీవశాస్త్రము, దేశచరిత్రము తెలుగు మాత్రమే ఎరిగిన రైతుబిడ్డకు చదువుకొన వీలులేకుండెను. ఉన్న పుస్తకములను చూచి సంతోషించువారు పెక్కురు. లేని పుస్తకమేదో కనిపెట్టగలవాడు అరుదు. గ్రంథాలయ వృత్తికి ముఖ్యమైన గుణములలో ఇది యొకటి.

మునగాల దివానుగిరి, హైదరాబాదు భాషానిలయము

బి.ఏ. ముగిసిన పిమ్మట పంతులుగారు మునగాల జమీందారులైన రాజా నాయని వేంకట రంగారావు బహద్దరు గారి కొలువున చేరి, తరువాత దివానుగా పనిచేసిరి. మునగాల పరగణా ఆ దినములలో మన కృష్ణా మండలములోనిదే యైనను, చుట్టును నైజాము రాజ్యముచే ఆవరింపబడి దీవివలె నుండెను. ఆ కారణమున రాజాగారికిని, దివానుగారికిని హైదరాబాదుతో రాకపోకలు మెండు.

హైదరాబాదు రాజ్యమున అప్పుడు పాలనభాష ఉర్దూ. ప్రజలలో సగముమందికి మాతృభాష తెలుగైనను, రాజధానియందు తెలుగు పుస్తకము చదువుకొనుటకు అందరికిని తెరచియుంచిన చోటొకటి లేకుండెను. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన, రావిచెట్టు రంగారావుగారి యింటిలో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. రాజాగారు, రంగారావుగారు మొదలగువారు ధనమును స్థలమును సమకూర్ప, పని నడుపు బుద్ధిబలము లక్ష్మణరావుగారిదై యుండెను. అప్పటికి వారికి ఇరువదినాలుగేండ్లు. బి.ఏ. పట్టము చేతికి వచ్చి ఎం.ఏ. పట్టము ఇంకను రాకముందే వారు గ్రంథాలయ స్థాపకులైరి.

ఆ దీపమునుండి వేరు దీపములు వెలిగినవి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. ఆ పిమ్మట నైజాము రాజ్యములోని పెక్కు పట్టణములలో, పల్లెలలో తెలుగు గ్రంథాలయములు పుట్టినవి. అచ్చట సభలు పెట్టుకొనుటకును అనుమతి కావలసిన దినములలో, గ్రంథాలయమే ప్రజలు కలిసికొని లోకవార్తలు మాటలాడుకొను చావడి యాయెను. హైదరాబాదు భాషానిలయము నూరేండ్లు దాటి నేటికిని నిలిచియున్నది.

విజ్ఞాన చంద్రికా మండలి

గ్రంథాలయము పెట్టిన పిదప పంతులుగారికి మరియొక కొరత తోచెను. బీరువా లున్నవి, వాటిలో నుంచదగిన నూతన శాస్త్ర గ్రంథము లేవి? కావున 1906లో హైదరాబాదుననే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, ఆచంట లక్ష్మీపతిగారు, రావిచెట్టు రంగారావుగారు, మన నందిగామలో జన్మించిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు వారికి తోడ్పడినవారిలో ముఖ్యులు. కాళేశ్వరరావుగారు తరువాతి కాలమున, 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతులైరి. ఒకే తాలూకాలో పుట్టిన ఇరువురు ఒకే కార్యమున కలిసి పనిచేయుట మన సీమకు గర్వకారణము.

మండలివారి తొలి గ్రంథము హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. కట్టెల గుడిసెలో పుట్టి, ఎరవు పుస్తకములు చదివి, బానిసల సంకెళ్లు విడిపించిన ఆ మహాపురుషుని కథతో ఆరంభించుటలోనే వారి యుద్దేశము తెలియుచున్నది. 1908లో హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహనేరముపై కారాగారమున కేగిరి. అయినను మండలి పని ఆగలేదు. కార్యస్థానము మదరాసునకు మారెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము 1910లో వెలువడెను. లక్ష్మణరావుగారు తామే హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను చరిత్ర గ్రంథములను వ్రాసిరి. జీవశాస్త్రము, పదార్థ విజ్ఞానము, రసాయనము, వైద్యము మొదలగు విషయములపై తేట తెలుగున పుస్తకములు బయలుదేరెను. నవలలకు పోటీలు పెట్టి బహుమతు లొసంగిరి.

శాస్త్ర గ్రంథము తెలుగున వ్రాయుట ఆనాడు సులభము కాదు. మాటలే లేవు. ఇంగ్లీషు పదమునకు సరియగు తెలుగు పదము కుదుర్చవలెను. ఒక రచయిత కుదిర్చిన పదమునే మరియొక రచయితయు వాడునట్లు చూడవలెను. లేనిచో ఒకే వస్తువు నాలుగు పేర్లతో నాలుగు పుస్తకములలో నుండి చదువరిని తికమక పెట్టును. నేటి గ్రంథాలయ శాస్త్రమున విషయపదములను స్థిరపరచుట యొక ప్రత్యేక విద్యగా నేర్పుచున్నారు. పంతులుగారు ఆ పనిని ఏ పాఠ్యపుస్తకమును లేకయే తమ వ్రాతబల్లమీద చేసిరి.

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము

ఇంగ్లీషువారికి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా వంటి మహాగ్రంథ మున్నది. ఏ విషయము కావలసినను అక్షరక్రమమున తీసి చూచుకొనవచ్చును. అట్టి గ్రంథము తెలుగున నుండవలెనని పంతులుగారు సంకల్పించి, 1912–13 ప్రాంతమున ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి.

ఈ పని యెంతటిదో మన విద్యార్థులకు తెలియుటకై యొక దృష్టాంతము చెప్పెదను. మన మండలమున పండు ప్రత్తినిగూర్చి యొక వ్యాసము వ్రాయవలెననుకొనుడు. అది మొక్క కనుక వృక్షశాస్త్రమున చేరును. పైరు కనుక వ్యవసాయమున చేరును. నూలు, బట్ట కనుక పరిశ్రమలలో చేరును. బేరసారములు కలవు కనుక వర్తకమున చేరును. ఏ విషయ మెచ్చట చెప్పవలెను, ఏది విడువవలెను, చదువరిని ఏ వ్యాసమునుండి ఏ వ్యాసమునకు పంపవలెను? ఇది తేల్చక ఒక్క వ్యాసమును వ్రాయ వీలులేదు. అనగా ‘అ’ అను అక్షరమున మొదటి పుటను అచ్చు వేయుటకు ముందే ‘హ’ వరకు నున్న సమస్త విషయములును సంపాదకుని మనస్సున వర్గములుగా అమరియుండవలెను.

పంతులుగారు మదరాసులోని తమ యింటిని ఈ పనికి కర్మాగారముగా చేసిరి. పలువురు పండితులచే వ్యాసములు వ్రాయించిరి, దిద్దిరి, తామును అనేక వ్యాసములు వ్రాసిరి. వారివద్ద పనిచేసిన యువకులలో మల్లంపల్లి సోమశేఖర శర్మగారు ముఖ్యులు. శర్మగారికి విశ్వవిద్యాలయ పట్టములు లేవు. శాసనమును చదువుట, ఆధారములను పోల్చుట, తేదీని నిర్ణయించుట అను విద్యలు వారికి పంతులుగారి సాహచర్యమున అలవడినవి. తరువాతి కాలమున వారు రెడ్డి రాజ్యముల చరిత్రమును వ్రాసి దేశవిఖ్యాతు లైరి; తెలుగు భాషాసమితి వారి విజ్ఞాన సర్వస్వమునకును పనిచేసిరి.

సంఘ సంస్కర్తలైన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919 మే 27వ తేదీన మదరాసులో లక్ష్మణరావుగారి యింటనే కన్నుమూసిరి. పెద్దలు, పిన్నలు, పండితులు, విద్యార్థులు ఎల్లరును ఆ యింట ఆదరణ పొందుచుండిరనుటకు ఇది నిదర్శనము.

నిర్యాణము

పంతులుగారి దేహము దృఢమైనది కాదు. ఉబ్బసవ్యాధి వారిని వేధించుచుండెను. దివానుగిరి యొకవైపు, చరిత్ర పరిశోధనము ఒకవైపు, మండలి పుస్తకములు ఒకవైపు, సర్వస్వ మొకవైపు. ఒక్క మనుష్యుడు ఎంతకాలము మోయగలడు? 1923వ సంవత్సరము జులై 12వ తేదీన, నలువదియారేండ్ల ప్రాయమున, మదరాసులో వారు పరలోకగతు లైరి. అప్పటికి విజ్ఞాన సర్వస్వము మూడు సంపుటములు వెలువడెను. ఆ మూడు సంపుటములలో నున్నది ‘అ’ అను ఒక్క యక్షరమే. తెలుగు వర్ణమాల యంతయు ఇంకను ముందే నిలిచియుండెను.

వారి జ్ఞాపకార్థము హైదరాబాదులోని పరిశోధక సంఘమునకు లక్ష్మణరాయ పరిశోధక మండలి యని పేరు పెట్టిరి. అక్కగారైన అచ్చమాంబగారు 1905లోనే గతించిరి. 1906లో కలిగిన కుమార్తెకు పంతులుగారు ఆమె పేరే యుంచిరి. ఆ బాలిక వైద్యవిద్య నభ్యసించి డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారుగా ప్రసిద్ధిచెంది, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను. తమ్ముని పాఠములను పక్కన కూర్చుండి వినిన మేనత్త పేరు ఈ విధముగా కళాశాలకును, పార్లమెంటునకును చేరెను.

సర్వస్వమును పూర్తిచేయుటకు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పూనుకొని, ధనమునకు వెనుదీయక, సంపుటములను మరల సిద్ధపరచి ప్రకటించిరి. 1938లో వారును స్వర్గస్థు లైరి. ఆ మహాకార్యము తుదముట్టలేదు.

పని ఏల నిలిచిపోయెను?

ఇది మన మాలోచింపవలసిన విషయము. లక్ష్మణరావుగారికి పాండిత్యము కొరవడలేదు. రాజాగారి యండ యుండెను. చదువగోరు ప్రజలుండిరి. కొరత యెచ్చట? వారి తరువాత అదే పనిని అదే పద్ధతితో అందుకొనగల శిక్షితుల బృందము ఆ దినమున మన దేశమున లేదు. పంతులుగారి విద్య వారి తలలో నుండెను. వారితో చాలభాగము వెడలిపోయెను. సోమశేఖర శర్మగారివంటివారు ఒకరిద్దరు దానిని చేతితో అందుకొనిరి. కాని ఒకరిద్దరు చాలరు.

ఇతర దేశములలో ఈ కొరతను తీర్చు ప్రయత్నము అప్పటికే ఆరంభమై యుండెను. అమెరికాలో మెల్విల్ డ్యూయీ అను నతడు పంతులుగారు పుట్టుటకు ఒక్క యేడు ముందు, 1876లో, సమస్త విషయములను పది వర్గములుగా విభజించి అంకెలతో గుర్తించు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతిలో భారతదేశ చరిత్రమునకు 954, తెలుగు సాహిత్యమునకు 894.827 అను సంఖ్యలు నేడు వాడుకలో నున్నవి. అతడే 1887లో న్యూయార్కు నగరమున కొలంబియా కళాశాలలో గ్రంథాలయాధికారులకు తొలి శిక్షణాలయమును తెరచెను. మొదటి తరగతిలో చేరిన ఇరువదిమందిలో పదునేడుగురు స్త్రీలు. అచ్చటి పెద్దలకు అది కిట్టలేదు. అయినను అతడు వెనుకకు తగ్గలేదు. అచ్చమాంబగారు నాగపురి ప్రాంతమున బడి లేక పక్కన కూర్చుండి చదివిన కాలమును ఈ కాలమును ఇంచుమించుగ ఒకటే యని తలచునపుడు మనస్సు కలత చెందును.

మన దేశమున 1911లో బరోడా మహారాజుగారు అమెరికానుండి బోర్డెను అను నిపుణుని రప్పించి శిక్షణ తరగతులు పెట్టించిరి. 1915లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున డికిన్సను అను నతడు తరగతులు నడిపెను. ఆంధ్రదేశమున 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగెను. 1920లో గ్రంథభాండాగారులకు శిక్షణ తరగతులును జరిపిరి. హరిసర్వోత్తమరావుగారు తమ యుత్తరజీవితమును గ్రంథాలయోద్యమమునకు ధారపోసిరి. 1924లో మదరాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయాధికారిగా నియమింపబడిన గణితోపాధ్యాయులు రంగనాథన్ గారు లండనులో శిక్షణ పొంది వచ్చి, 1929లో మదరాసున శిక్షణాలయము ఆరంభించిరి. 1935లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను గ్రంథాలయ శాస్త్రబోధన మొదలాయెను. లక్ష్మణరావుగారు గతించిన పండ్రెండేండ్లకు తెలుగుగడ్డమీద వారి విద్యకు ఒక కళాశాల గది దొరకెను.

విద్యార్థులకు, తలిదండ్రులకు

నేడు ఈ విద్యను గ్రంథాలయ సమాచార విజ్ఞాన శాస్త్రమని పిలుచుచున్నారు. ఏ శాస్త్రమందైనను పట్టభద్రులైనవారు ఒక యేడు చదివి బి.ఎల్.ఐ.ఎస్‌సి. పట్టమును, మరియొక యేడు చదివి ఎం.ఎల్.ఐ.ఎస్‌సి. పట్టమును పొందవచ్చును. ఉద్యోగము చేయుచు చదువగోరువారికి డాక్టరు బి.ఆర్. అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయము వంటివి దూరవిద్య నొసంగుచున్నవి. విజయవాడలో పాతూరి నాగభూషణముగారి పేర గ్రంథాలయ శాస్త్ర పాఠశాల వెలసినది. కళాశాలలో గ్రంథాలయాధికారి పదవి కోరువారు ఎం.ఎల్.ఐ.ఎస్‌సి. పిదప విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి జాతీయ అర్హతా పరీక్షకు కూడ సిద్ధపడవలెను.

ఈ చదువులో నేర్పున దేమి? పుస్తకములను విషయమునుబట్టి వర్గీకరించుట. పట్టిక తయారు చేయుట. అడిగినవానికి అడిగిన సంగతి ఎచ్చట దొరకునో చూపుట. తాటాకు ప్రతులను, పాత కాగితములను చెడకుండ కాపాడుట. కంప్యూటరుపై సమాచారమును భద్రపరచి వెదకుట. చదువరులు ఈ జాబితాను పంతులుగారి జీవితముతో పోల్చి చూడుడు. కంప్యూటరు తప్ప తక్కిన వాని మూలసూత్రము లన్నిటిని వారు అనుభవమున కనుగొని ఆచరించిరి. వారు కష్టపడి వెదకుకొన్న త్రోవ మన పిల్లలకు నేడు వేసిన బాటగా నున్నది.

ఉపాధ్యాయుడు కాగోరువాడు శిక్షణ కళాశాలలో చదువవలెనని ఎల్లరును ఒప్పుకొందురు. పాఠము తెలిసినంతమాత్రమున పాఠము చెప్పవచ్చుననుట పొరపాటని నేను ఆ కళాశాలలోని మొదటి నెలలోనే గ్రహించితిని. అట్లే పుస్తకములు ప్రియమైనంతమాత్రమున గ్రంథాలయాధికారి కాజాలడు. ప్రేమకు శిక్షణ తోడైననే అది ఇతరులకు ఉపయోగపడును.

చేతిలోని ఫోనున సమస్తమును దొరకుచుండగా ఇక గ్రంథాలయాధికారి యెందుకని కొందరు తలిదండ్రులు నన్నడిగిరి. దొరకున దెల్లయు సత్యము కాదని వారికి చెప్పితిని. ఒకే జ్వరమునకు ఫోను పది మందులు చెప్పును. వానిలో ఏది వైద్యుని మాటయో, ఏది గాలివార్తయో వేరుచేసి చూపువాడు కావలెను. పూర్వము పుస్తకము దొరకక బాధపడితిమి. ఇప్పుడు మితిమీరి దొరకి బాధపడుచున్నాము. రెండు బాధలకును మందు ఒకే విద్య.

పంతులుగారి స్వప్నము పూర్తిగా నశించెనని తలపవలదు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను ఎందరో జీతము లేక, తమ తమ యిండ్లనుండియే వ్రాయుచున్నారు. అది ‘అ’ యందు ఆగలేదు. ఏలయన అది ఒక్కని భుజములమీద లేదు. ఊరి చరిత్రమును, చెరువును, కొండను గూర్చి తెలిసిన ప్రతివాడును ఆధారము చూపి అందు వ్రాయవచ్చును. మన జగ్గయ్యపేట ధనంబోడు కొండమీది బౌద్ధ స్తూపము వద్ద రెండువేల యేండ్లకు దగ్గరపడిన దాతల పేర్లు రాతిపై నిలిచి, 1882లో త్రవ్వించిన బర్జెస్ దొరకు చదువ దొరకినవి. చెక్కినవాడు శ్రద్ధతో చెక్కుటవలననే కదా మన మవి నేడు ఎరుగుదుము! మన కాలపు సంగతులను ముందు తరమువారికి అట్లు అందించువా రెవరు?

విద్యార్థులారా! తలాంతుల ఉపమానమును మీరు ఆదివారపు బడిలో విని యున్నారు. తన కిచ్చిన దానిని పాతిపెట్టినవాడు గద్దింపబడెను; వ్యాపారముచేసి పెంచినవాడు మెప్పు పొందెను. తండ్రి లేని పెనుగంచిప్రోలు బాలునికి అక్కయింటి యన్నము, పుస్తకములమీది ప్రేమ తప్ప వేరు ఆస్తి లేకుండెను. దానిని వారు దేశమంతటికి పంచిరి. మీలో ఒక బాలుడో, ఒక బాలికయో ఈ వృత్తిని కోరి చదివి, ఏ పల్లెలోనైనను ఒక గదిని తెరచి, పుస్తకములను క్రమమున అమర్చి, అడిగినవానిని ఆదరించినచో, మున్నేటి యొడ్డున పుట్టిన ఆ మహనీయుని పని ఒక్క యక్షరము ముందునకు సాగినట్లే. అట్టి బుద్ధిని దేవుడు మన పిల్లల కొసంగును గాక.